హిడెన్ లవ్: మూడోసారి కూడా చూశాక

ఈ చైనీస్ సీరియల్ మొదటిసారి చూస్తున్నప్పుడు అమ్మ నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చదివి తనకు తెలుగులో చెబుతున్నాను. హీరోయిన్ ఆ అబ్బాయిని "గెగె" అని పిలిచింది. కింద "బ్రదర్" అని పడింది. "అన్నయ్యా అంటోందమ్మా" అన్నాను. అమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "అన్నయ్యా అని పిలిచినవాణ్ణే ప్రేమిస్తుందా?" అంది.

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. చైనీస్‌లో సొంత అన్ననీ, అన్న స్నేహితుణ్ణీ, మనసిచ్చినవాణ్ణి కూడా అదే మాటతో పిలవొచ్చు. మనకైతే ఆ చోట బావ ఉన్నాడు, అన్నయ్య అంటే ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. ఈ తేడా పట్టుకోకుండా చూస్తే మొదటి ఎపిసోడ్‌లోనే ఇబ్బందిపడి ఆపేస్తారు. పట్టుకుంటే మాత్రం హీరోయిన్ సాంగ్ జి పడే బాధంతా ఆ ఒక్క మాటలోనే ఉందని తెలుస్తుంది. ఎన్నేళ్లు గడిచినా అతనికి ఆమె స్నేహితుడి చెల్లెలే.

జు యి రాసిన నవల ఆధారంగా తీసిన 25 ఎపిసోడ్ల సీరియల్ ఇది. 2023 జూన్‌లో చైనా స్ట్రీమింగ్ సైట్ యూకులో మొదలైంది, నెట్‌ఫ్లిక్స్‌లోనూ ఉంది. కథ చిన్నదే. స్కూల్లో టీచర్ ఇంట్లోవాళ్లని తీసుకురమ్మంటుంది. సాంగ్ జి భయపడుతూ ఇంటికొచ్చి అన్న గది తలుపు తీస్తే, లోపల అన్న బదులు అతని కాలేజీ స్నేహితుడు డువాన్ జియాషు కనిపిస్తాడు. అన్నలా నటించి టీచర్ దగ్గరకు రమ్మని అతన్నే బతిమాలుకుంటుంది. ఇద్దరికీ ఐదేళ్ల తేడా.

నేను మళ్లీ మళ్లీ చూసేది ఎయిర్‌పోర్ట్ సీన్. అతనికి ఎవరో అమ్మాయి ఉందని విని, ఇంట్లో చెప్పకుండా ఒక్కతే విమానమెక్కి అతనుండే ఊరు యీహె వస్తుంది సాంగ్ జి. అతను ఒకావిడతో కలిసి ఎదురొస్తాడు. అంతే, పిల్ల మొహం వాడిపోతుంది. ఎందుకొచ్చావంటే నిజం చెప్పలేదు కదా, ఆన్‌లైన్‌లో పరిచయమైన బాయ్‌ఫ్రెండ్‌ని కలవడానికొచ్చానని అబద్ధం చెబుతుంది. అతను పెద్దవాడిలా కోప్పడతాడు. ఆ ఏడుపు తన కోసమేనని తెలియక తనే ఓదారుస్తాడు. సాంగ్ జిగా చేసిన జావో లూసి ఇక్కడ గట్టిగా ఏడవదు. మాట మింగేస్తుంది, కళ్లు దించుకుంటుంది, జవాబు చెప్పడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకుంటుంది. 1998లో పుట్టిన నటి బడిపిల్లగా కూడా తనే చేయడం చాలామందికి నచ్చలేదు. మొదట్లో నాకూ స్కూల్ యూనిఫాం కాస్త అతికించినట్టే అనిపించింది. ఈ సీన్ దగ్గరకొచ్చేసరికి ఆ ఆలోచనే పోయింది.

అన్న సాంగ్ యాన్ లేకపోతే ఈ సీరియల్ సగం చప్పబడేది. చెల్లెల్ని ఒక్క మంచి మాట అనడు, ఆమెకు ఏదైనా అయితే మాత్రం ముందు పరిగెత్తేది అతనే. ఆ కీచులాటలు మా ఇంట్లోవే అనిపించాయి. అమ్మకు నచ్చిన పాత్ర కూడా ఇతనే. ఇతని ప్రేమకథని 2025లో "ది ఫస్ట్ ఫ్రాస్ట్" పేరుతో విడిగా తీశారు, కాకపోతే అక్కడ నటుడు వేరు.

ఇక లోపాలు. మొదటిది వయసు. ఆమె పెద్దదై కాలేజీలో చేరాకే అతని మనసు మారుతుంది, చిన్నప్పుడు అతను ఎక్కడా హద్దు దాటడు. ఈ జాగ్రత్త రచనలో కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ప్రేమలో పడ్డాక కూడా ముద్దుగా "చిన్నపిల్ల" అనడం నాకు మూడుసార్లూ గుచ్చుకుంది. అన్నేళ్లు ఆ పిలుపు నుంచి బయటపడాలనే కదా ఆమె అంత తపించింది! ఆ పిలుపు మార్చి ఉంటే ఆ మార్పే ఒక అందమైన సీన్ అయ్యేది. హైస్కూల్ చదివే అమ్మాయిలు ఇంట్లో ఉంటే పక్కన పెద్దవాళ్లు కూర్చుని చూడటం మంచిది, అడగాల్సిన ప్రశ్నలు పిల్లలకు వస్తాయి.

రెండోది, రహస్యం బయటపడ్డాక కథలో పట్టు సడలిపోతుంది. సగం దాటాక అలగడం, బతిమాలడం, ముద్దులు, మళ్లీ అవే. జియాషు తండ్రి తాగి కారు నడిపి ఒకరి ప్రాణం తీశాడు. చనిపోయినాయన కూతురు జియాంగ్ యింగ్ ఆ కోపమంతా జియాషు మీద చూపిస్తూ ఏళ్ల తరబడి వెంటపడుతుంది. తండ్రి చేసిన తప్పుకి కొడుకు ఎంతవరకు బాధ్యుడు? దీని మీదే పది ఎపిసోడ్లు తీయొచ్చు. ఇక్కడ మాత్రం ఆ అమ్మాయిని విసిగించే మనిషిగా చూపించి వదిలేశారు. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల గోడు వినేవాళ్లే లేరు. జియాషుగా చేసిన చెన్ జెయువాన్ ఆ భారాన్ని చిరునవ్వు వెనక దాచి బాగా చేశాడు, రచన అతనికి తోడు రాలేదు.

చూడాలనుకుంటే సబ్‌టైటిల్స్‌తోనే చూడండి, "బ్రదర్" అని పడిన ప్రతిసారీ అసలు మాట చెవిన పడనివ్వండి. ఒకే పిలుపు మొదట్లో బెరుగ్గా, మధ్యలో దిగులుగా, తర్వాత చనువుగా వినిపిస్తుంది. మొన్న మూడోసారి చూస్తుంటే అమ్మ వంటింట్లోంచి ఆ పిలుపు విని, "ఎయిర్‌పోర్ట్ వచ్చేసిందా?" అంటూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.