ఇంటికొచ్చి వీణకు మేళం కట్టే సేవ (మైలాపూర్, చెన్నై): పెద్దయ్యాక సాధనకు కూర్చున్నవారి కోసం

నలభై దాటాక వీణ మళ్లీ ఒళ్లోకి తీసుకున్నవారికి రోజులో చిక్కేది మహా అయితే అరగంట. అదంతా శ్రుతి కలపడానికే పోతే ఇక రాగం ఊహించేదెప్పుడు? అందుకే కొత్త వీణ కొనేముందు పాతదానికి మేళం కట్టించమంటాం, అంటే తంత్రిని నొక్కి పట్టే లోహపు మెట్లను కొత్త మైనంలో మళ్లీ సరైన చోట నిలబెట్టించమని. మైలాపూర్ చుట్టుపక్కల ఇంటికొచ్చి చేసే ఈ సేవ ఆ పనికి బాగా సరిపోతుంది, ఒక్క లోటు తప్ప.

ముందు తంత్రులు విప్పి, 24 మెట్లనూ వరుస తప్పకుండా పక్కన పెట్టి, పాత మైనం గీకేస్తారు. తేనెమైనం కరిగించి బొగ్గుపొడి కలిపి, దండి (వీణ పొడవాటి మెడ) మీద రెండు వైపులా గట్లు కట్టి మెట్లు నిలబెడతారు. అసలు నేర్పంతా పొడి పాళ్లలోనే ఉంది. తగ్గితే మే నెల ఉక్కకు మైనం మెత్తబడి మెట్లు కుంగుతాయి. ఎక్కువైతే పెళుసెక్కి మెట్టు ఊడొస్తుంది. వీళ్లు కాస్త గట్టిగానే కలుపుతారు, చెన్నైకి అదే మంచిది.

స్థానాలు చెవితోనే పడతాయి. మొదట 12వ మెట్టు: అక్కడ సారణి (రాగం వాయించే మొదటి తంత్రి) మీద పలికే పై షడ్జమం (స), తంత్రిని సరిగ్గా సగంలో వేలు ఆనీ ఆనకుండా మీటితే వచ్చే స్వరంతో కలవాలి. తర్వాత 7వ మెట్టు మీద పంచమం (ప). ఈ రెండూ కుదిరాకే మిగతావి. ఈ ఓపిక మెచ్చుకోదగ్గది.

లోటల్లా ఎత్తుల దగ్గర తొందర. ఒక మెట్టు వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచినా, దాని ముందు మెట్టు నొక్కినప్పుడు తంత్రి తగిలి ఝర్రుమంటుంది. మామూలుగా మీటితే తెలియని ఈ తేడా గమకంలో, అంటే తంత్రి లాగి స్వరాన్ని ఊపినప్పుడు, బయటపడుతుంది. కాబట్టి వాళ్లుండగానే ప్రతి మెట్టు మీదా తంత్రిని పక్కకు లాగి వినండి. మెట్ల మీద తంత్రి కోసిన గాళ్లను కూడా అడిగితే తప్ప ఆకురాయి పట్టరు.

మేళం కుదిరాక మొదటి వారం కీర్తనలు పక్కన పెట్టండి. సారణి మీద మోహన రాగం అంటే ఖాళీ తంత్రి, ఆపైన 2, 4, 7, 9, 12 మెట్లు, అంతే. రెండో మెట్టు మీదే తంత్రి లాగి గాంధారం పట్టండి, నాలుగో మెట్టు మీటి సరిచూసుకోండి. ఈ అయిదు స్వరాలతో పది నిమిషాలు సొంత సంచారాలు అల్లండి. పాఠం అప్పజెప్పినట్టు నేర్చుకున్నవారికి మనోధర్మమంటే (అప్పటికప్పుడు సొంతంగా రాగం అల్లడమంటే) ఉండే బెదురు ఇలాగే పోతుంది. మెట్టు తప్పుచోట ఉంటే మాత్రం తప్పు చెవిదో వీణదో తేలక సాధనే మానేస్తారు. అలా అటకెక్కిన వీణలు చూస్తే బాధేస్తుంది.

కూలిలో మైనం, తంత్రులు కలిశాయో లేదో ముందే మాట్లాడుకోండి. ఒకటి రెండు మెట్లే కదిలితే పూర్తి మేళం అక్కర్లేదు, ఆ మేరకే సరిచేయమంటే చేస్తారు. వీణను పడమటి కిటికీ దగ్గర, ఎండలో నిలిపిన కారులో మాత్రం ఉంచొద్దు.