తలకు దెబ్బ తగిలిన చిన్న కుక్కకు మడత కేజ్: ఏ సైజు, ఎప్పటి నుంచి, ఎలా

బండి తగిలో, మేడ మెట్ల మీంచి జారో, ఆవు తన్నో తలకు దెబ్బ తిన్న చిన్న కుక్కను ఇంటికి పంపేటప్పుడు డాక్టరు తప్పక చెప్పే మాట 'కేజ్ రెస్ట్', అంటే ఎక్కువ కదలకుండా కేజ్‌లో ఉంచి విశ్రాంతి ఇవ్వడం. ఒడిశాలో పర్లాకిమిడి, గునుపురం, రాయగడ వైపు మనవాళ్ళు వెంటనే ఆన్‌లైన్‌లో ఇనుప తీగల మడత కేజ్ ఆర్డరు పెడతారు, లేదంటే బరంపురం వెళ్ళేవాళ్ళ చేత తెప్పించుకుంటారు. కుక్క చిన్నదే కదా అని 24 అంగుళాలది తీసుకుంటారు. ఆ సైజు వద్దు. నాలుగైదు కిలోల పామేరియన్‌కైనా షిట్జూకైనా 30 అంగుళాలదే సరి. దాన్ని కూడా వచ్చింది వచ్చినట్టు వాడకూడదు. గుండ్రంగా తిరుగుతున్న కుక్కనైతే అందులో పెట్టనే కూడదు. మొత్తమ్మీద పనికొచ్చే వస్తువే, ఐదుకు మూడున్నర ఇస్తాం. తీగల అంచులకూ, జారే ట్రేకూ కలిపి ఒకటిన్నర కోశాం.

కేజ్ కంటే ముందు ఆసుపత్రి. మొదటి 48 గంటలు ఇంట్లో గడిపేవి కావు. దెబ్బ పడ్డ క్షణంలో జరిగిన నష్టం ఒకటి, తర్వాత మెదడు వాచి పుర్రె లోపల ఒత్తిడి పెరిగి జరిగే నష్టం ఇంకొకటి. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. చికిత్స అంతా ఆ రెండోదాన్ని ఆపడానికే: ఆక్సిజన్, బీపీ పడిపోకుండా సెలైన్, వాపు తగ్గడానికి మానిటాల్ గానీ గాఢమైన ఉప్పు సెలైన్ గానీ. మానిటాల్‌ను కిలో బరువుకు అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల లెక్కన 15–20 నిమిషాలు పట్టేలా నెమ్మదిగా ఎక్కిస్తారు. చలికాలంలో ఆ సీసా లోపల స్ఫటికాలు కడతాయి, అలాంటిదాన్ని వేడినీళ్ళలో ఉంచి పూర్తిగా కరిగించాకే వాడాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పాత అలవాటు. మనుషుల తల గాయాల మీద 2004లో వెలువడిన పెద్ద పరిశోధనలో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళలోనే మరణాలు ఎక్కువని తేలింది, కుక్కల తల దెబ్బలకు కూడా ఇప్పుడు దాన్ని సిఫారసు చేయరు. డాక్టరు గారిని కోమా స్కోరు ఎంతో అడగండి. కదలిక, కంటిపాపల స్పందన, స్పృహ ఈ మూడింటినీ కలిపి 3 నుంచి 18 వరకు వేస్తారు. 15 గానీ ఆపైన గానీ ఉంటే ఆశ బాగా ఉన్నట్టు, 8కి దిగితే ప్రాణాపాయం. ఇంటికి తెచ్చుకోవచ్చో లేదో తేల్చేది ఈ అంకె, కుక్క తోక ఊపడం కాదు.

ముందు దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో షాక్‌కు (రక్తప్రసరణ పడిపోవడానికి) చికిత్స చేయించండి, దూరం సంగతి ఆ తర్వాత. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. రాయగడ నుంచి విజయనగరం రైలు దారి ఉంది, ఆ జిల్లాలోనే గరివిడి వెటర్నరీ కాలేజీ ఉంది. బరంపురం వాళ్ళకు భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీ దారి సులువు. ఎటు వెళ్ళినా కుక్కను ఒళ్ళో మెలిపెట్టి పట్టుకోకండి. గట్టి అట్టమీదో పీటమీదో చదునుగా పడుకోబెట్టి, అట్ట మొత్తాన్ని తలవైపు 15 నుంచి 30 డిగ్రీలు ఎత్తండి. తల కింద దిండు పెడితే మెడ వంగి, తలలోంచి రక్తం కిందికి దిగే సిరలు నొక్కుకుపోతాయి, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కాలర్‌ను ఆ నిమిషమే తీసేయాలన్నది కూడా ఇందుకే. ఘాట్ రోడ్డు మలుపుల్లో అట్ట పక్కన ఒక మనిషి కూర్చుని తీరాలి.

ఇక ఇంటికొచ్చాక. ఇంకా లేవలేక పక్కకు పడుకునే ఉన్న కుక్కకు కేజ్ దండగ. కూరగాయల ప్లాస్టిక్ క్రేట్ గానీ వెడల్పాటి టబ్ గానీ చాలు. అడుగున మందపాటి బొంత, దానిమీద ప్లాస్టిక్ షీటు, షీటు మీద యూరిన్ ప్యాడ్, అన్నిటికంటే పైన పాత నూలు చీర ముక్క. నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చకపోతే మోచేయి, భుజం, తుంటి ఎముకల దగ్గర పుండ్లు పడతాయి, కింద ఉన్న ఊపిరితిత్తి అణిగి గాలి సరిగ్గా నిండదు. మూత్రంలో నానిన వెంట్రుకల కింద చర్మం ఒక్క పూటలోనే ఎర్రబారుతుంది, కాబట్టి తడి కనిపించగానే గోరువెచ్చని నీటితో తుడిచి ఆరబెట్టండి. కన్ను సరిగ్గా మూయలేకపోతుంటే మందుల షాపులో దొరికే కృత్రిమ కన్నీళ్ళ చుక్కలు నాలుగు గంటలకోసారి వేయాలి, స్టెరాయిడ్ కలిసిన కంటి చుక్కలు మాత్రం డాక్టరు చెప్పకుండా వద్దు.

లేచి నడవడం మొదలెట్టిన కుక్క చాలాసార్లు ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. కేజ్ మీద మా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. నాలుగు మూలల పెట్టెలో తిరిగే కుక్క ప్రతి చుట్టుకూ మూలకు తల కొట్టుకుంటుంది, వెనక్కి రావడం తెలియక మూతిని తీగలకు నొక్కిపెట్టి అలాగే నిలబడిపోతుంది. కాస్త వెడల్పు ఖాళీలున్న కేజ్ అయితే కింది దవడ తీగల మధ్య ఇరుక్కుంటుంది. ఈ దశలో కేజ్ కన్నా పిల్లలు నీళ్ళలో ఆడుకునే, గాలి నింపే తొట్టి వెయ్యి రెట్లు నయం. మూడు నాలుగడుగుల వ్యాసం చాలు. మూలలు ఉండవు, అంచు మెత్తన. గోళ్ళకు చిల్లు పడకుండా లోపల దుప్పటి పరచి అంచుల మీదుగా బయటికి మడవండి. తిరగడం తగ్గి, గోడ తగలగానే తనంతట తాను పక్కకు తప్పుకోగలిగినప్పుడే కేజ్‌లోకి మార్చాలి.

ఇప్పుడు అసలు వస్తువు. 30 అంగుళాల మోడల్ లోపలి వెడల్పు సుమారు 19 అంగుళాలు, ఎత్తు 21. చిన్న కుక్క నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపి పడుకున్నా ఒక చివర నీళ్ళ గిన్నెకు చోటు మిగులుతుంది. 24 అంగుళాల దాంట్లో ఆ మిగులు ఉండదు, తూలే కుక్క గిన్నెలో కాలు పెట్టి పరుపంతా తడిపేస్తుంది. రెండు తలుపులున్నది ఎంచుకోండి. పొడవు వైపు తలుపు తెరిస్తే కుక్కను రెండు చేతులతో చదునుగా ఎత్తి తీయొచ్చు. ముందు తలుపు ఒక్కటే ఉంటే లాగాల్సి వస్తుంది, లాగితే మెడ మీదే భారం పడుతుంది.

పెట్టె విప్పగానే అరచేతిలో పాత గుడ్డ పట్టుకుని లోపలి తీగలన్నీ తడమండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ వెల్డింగ్ మొన ఉన్నట్టు, ఆకురాయితో అరగదీయాలి. ముఖ్యంగా గొళ్ళెం పక్కన, అది సరిగ్గా కుక్క కంటి ఎత్తులో ఉంటుంది. తర్వాత కింది నుంచి పది అంగుళాల ఎత్తు వరకు నాలుగు వైపులా మెత్తన కట్టాలి. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం ఇందుకు చాలా బాగుంటుంది. ఏసీ మెకానిక్ దగ్గర అడిగితే దొరుకుతుంది, నిలువునా చీల్చి తీగలకు తొడగడమే. పైన నూలు గుడ్డ చుట్టి కుట్టేయండి, లేకపోతే కొరికి ముక్కలు మింగుతుంది. ట్రే నున్నటి ప్లాస్టిక్, దానిమీద తూలే కుక్క నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారుతుంది. ఆరు మిల్లీమీటర్ల యోగా మ్యాట్‌ను ట్రే సైజుకు కత్తిరించి పరిస్తే ఆ బాధ తీరుతుంది.

తలవైపు ఎత్తు కోసం కేజ్ కిందే ఇటుకలు పెట్టేవాళ్ళున్నారు. వద్దు. 30 అంగుళాల కేజ్‌ను 15 డిగ్రీలు ఎత్తాలంటే ఒక చివర దాదాపు ఎనిమిది అంగుళాలు లేవాలి, కుక్క జారి కిందిమూలలో ముద్దయిపోతుంది. లోపలే 16 అంగుళాల చెక్క పలక వేసి, ఒక చివర కింద నాలుగు అంగుళాల ఎత్తు పెట్టండి. దాదాపు అంతే వాలు వస్తుంది, మిగతా సగం చదునుగా ఉంటుంది. ఎత్తు చాలనిపించినప్పుడు కుక్కే దిగి చదునులో పడుకుంటుంది, దాన్ని బలవంతపెట్టకండి.

గిన్నె ఎక్కడ పెట్టాలన్నది ఎవరూ చెప్పని సంగతి. మెదడు ముందుభాగం దెబ్బతిన్న కుక్క సాధారణంగా దెబ్బ ఉన్న వైపుకే తిరుగుతుంది, ఎదుటి వైపు చూపు మందగిస్తుంది. ఎడమకు తిరిగే కుక్కకు కుడి పక్క పెట్టిన గిన్నె కనపడదు, 'తినడం లేదు' అని మనం కంగారు పడతాం. ఏ వైపు తిరుగుతుందో ఆ వైపే గిన్నె పెట్టండి. నాలుగు కిలోల కుక్కకు విశ్రాంతిలో రోజుకు దాదాపు 200 కేలరీలు, 200–240 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. మెత్తగా ఉడికిన అన్నం, చికెన్, గుడ్డు నాలుగైదు విడతలుగా పెట్టండి, ఉల్లి వెల్లుల్లి తగలకుండా. చోడి అంబలి ఒక్కదానితో సరిపెట్టకండి, మాంసకృత్తులు చాలవు. సిరంజితో తాగించాల్సి వస్తే సూది తీసిన ఐదు మిల్లీలీటర్లది తీసుకుని, కుక్క బోర్లా కూర్చున్నట్టు ఉన్నప్పుడు కోరపన్ను వెనకాల బుగ్గలోంచి ఒక్కో మిల్లీలీటరు పోయండి, మింగాకే ఇంకోటి. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో ఏదీ పోయొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే న్యుమోనియా తల దెబ్బ కన్నా ముందు చంపుతుంది. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ దాని దరిదాపులకు రానీయకండి. మనుషుల సిరప్ ఏదైనా డాక్టరు రాసినా లేబుల్ మీద తీపి కోసం కలిపే జైలిటాల్ ఉందేమో చూసి మరీ వాడండి, అది కుక్కలకు విషం.

కేజ్‌కు మూడు వైపులా పలచటి చీర కప్పి ముందు వైపు వదిలేస్తే వెలుతురు తగ్గి కుక్క నెమ్మదిస్తుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయినప్పుడు ఆ చీర తీసేయాల్సిందే. ఒంటి వేడి మలద్వారంలో కొలిస్తే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. 103 దాటితే ఫ్యాను, పాదాలకు తడిగుడ్డ పెట్టి డాక్టరుకు ఫోన్ చేయండి, తల మీద ఐసు వద్దు. నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటకూడదు. కంటిపాపల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా మారినా, ఉన్నట్టుండి మత్తుగా అయిపోయినా, పదేపదే వాంతులైనా తెల్లారే దాకా ఆగకండి.

ఫిట్స్ వచ్చినప్పుడు మాత్రం ఈ మెత్తన కట్టిన కేజ్ విలువ తెలుస్తుంది. పడడానికి, కొట్టుకోడానికి ఏమీ ఉండదు. గిన్నె తీసేసి, నోట్లో చేయి పెట్టకుండా, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒక్క రోజులో రెండోసారి వచ్చినా అత్యవసరమే. కోలుకున్నాక నెలల తర్వాత కూడా ఫిట్స్ మొదలవ్వచ్చు, అందుకని కేజ్‌ను వెంటనే అమ్మేయకండి.

దీనితో పాటు కొనాల్సింది ఛాతీకి వేసే హార్నెస్. మెడ మీద ఏ పట్టీ పడనిది చూసుకోండి, ముంగాళ్ళ వెనకాల ఛాతీ చుట్టుకొలత తీసుకుని, రెండు వేళ్ళు దూరేంత వదులుతో. గాయం గీక్కోకుండా మెడ చుట్టూ తొడిగే ప్లాస్టిక్ కోన్‌ను తలపై కుట్లున్నంత కాలమే వాడాలి. అది తీగలకు తగిలి తూలే కుక్కను ఇంకా బెదరగొడుతుంది. గాయం తెరిచి ఉంటే రోజుకు రెండుసార్లు టార్చి వేసి చూడండి, మన ఉక్కలో ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. పసుపు, బొగ్గుపొడి అద్దొద్దు. ఆ గాయం వీధి కుక్క కరిచిందైతే టీకా వేసిన కుక్కకైనా రేబీస్ బూస్టర్ వెంటనే వేయించాలి, లాలాజలం తగిలిన మనుషులు కూడా ఆసుపత్రికి వెళ్ళాలి.

పాత కేజ్ కొనేవాళ్ళకు ఒక జాగ్రత్త. ముందు అందులో పార్వో (వాంతులు, రక్తవిరేచనాల అంటురోగం) వచ్చిన కుక్కపిల్ల ఉండి ఉండొచ్చు. ట్రే విడదీసి సబ్బుతో కడిగి, ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఫోమ్, మ్యాట్ మాత్రం కొత్తవే వేయాలి.