ఎలక్ట్రిక్ స్కూటర్‌కు దొంగతనం బీమా, ట్రాకర్: ఏది పనికొస్తుంది, ఏది దండగ

షోరూంలో బండి తాళాలు ఇచ్చేటప్పుడు "ఐదేళ్ల ఇన్సూరెన్స్ చేసేశాం సార్, ఇక చూసుకోనక్కర్లేదు" అంటారు. ఆ మాటలో నిజం సగమే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు. మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి అది. బండే పోతే అందులోంచి రూపాయి రాదు. దొంగతనం కవర్ ఉండేది ఓన్ డ్యామేజ్ భాగంలో, అంటే అందరూ ఓడీ అనే దాంట్లో. చాలా పాలసీల్లో ఓడీ మొదటి ఏడాదికే ఉంటుంది. పాలసీ కాగితం మీద రెండు గడువులూ వేర్వేరుగా అచ్చేసి ఉంటాయి, ఒకసారి తీసి చూడండి. పదమూడో నెలలో బండి పోయినవాళ్లలో చాలామందికి ఈ సంగతి స్టేషన్ నుంచి తిరిగొచ్చాకే తెలుస్తుంది.

రెండో ఏడాది నుంచి ఓడీ ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు. థర్డ్ పార్టీ ఇచ్చిన కంపెనీ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది: 2022 జూన్ నుంచి వచ్చిన పట్టిక ప్రకారం 3 నుంచి 7 కిలోవాట్ల మోటారున్న ఎలక్ట్రిక్ టూవీలర్‌కు ఐదేళ్లకు రూ.3,273, జీఎస్టీ అదనం. ఎక్కడ కొన్నా అంతే. బేరం, పోలిక ఏదున్నా ఓడీలోనే. ఓడీ గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు కూడా పోతుంది.

ఆ పోలికలో ప్రీమియం కంటే ముందు చూడాల్సింది ఐడీవీ, అంటే బండి పోతే కంపెనీ ఇచ్చే మొత్తం. ఎక్స్‌షోరూం ధర మీద ఆర్నెల్లలోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తరుగు తీస్తారు. లక్షా నలభై వేల బండికి ఏడాదిన్నరకు రావాల్సిన ఐడీవీ రూ.1,12,000. ఆన్‌లైన్ సైట్లలో ధర తక్కువ కనపడాలని దీన్ని 95 వేలకో 98 వేలకో దించి చూపిస్తారు. ప్రీమియంలో మిగిలేది నూటయాభయ్యో రెండొందలో, బండి పోతే తగ్గేది పద్నాలుగు, పదిహేడు వేలు. స్లైడర్‌ను పైకి జరిపి ఆ తర్వాత ధరలు పోల్చండి. లోన్ ఉంటే డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది కాబట్టి, బాకీ ఐడీవీకి దగ్గరగా ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

తరుగు కోత తప్పించుకోవడానికి రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే యాడ్ఆన్ ఉంది. బిల్లు ధర, కట్టిన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు తిరిగి వస్తాయి. సాధారణంగా మొదటి రెండు మూడేళ్లకే ఇస్తారు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. కట్టనిది తిరిగి రాదు కదా! అందుకని ఇక్కడ దీనివల్ల దక్కేది తరుగు తేడా మాత్రమే. అయినా రెండో ఏడాదికి అది పాతిక వేల పైమాటే, కాబట్టి తీసుకోదగ్గదే. జీరో డెప్ అనే యాడ్ఆన్ దొంగతనానికి ఎందుకూ కొరగాదు, అది రిపేరు బిల్లుల్లో తరుగు కోయకుండా ఉండటం కోసం. "బ్యాటరీ ప్రొటెక్ట్" అని అమ్మేదీ అంతే. సాధారణంగా నీళ్లు చేరడం, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల వచ్చే నష్టానికే అది, బ్యాటరీని ఎవరైనా ఎత్తుకుపోతే పనికొస్తుందనుకోవద్దు.

బ్యాటరీ దగ్గరే అసలు చిక్కు. టూవీలర్ పాలసీలో పాత షరతు ఒకటి అలాగే ఉండిపోయింది: బండితోపాటు పోతే తప్ప యాక్సెసరీల దొంగతనానికి పరిహారం లేదు. డిక్కీలోని చార్జర్, హెల్మెట్, ఫోన్ స్టాండ్ దీని కిందికి వస్తాయి. ఏథర్, ఐక్యూబ్, చేతక్ లాంటి వాటిలో బ్యాటరీ ఫిక్స్‌డ్, విప్పాలంటే పనిముట్లు, టైము కావాలి. విడా వీ1 లాగా బ్యాటరీ చేత్తో తీసుకెళ్లే బండ్లలో సీటు తాళం ఒక్కటే అడ్డు. ఇక్కడ బ్యాటరీ బండిలో భాగమా, యాక్సెసరీనా అని కంపెనీ లాగే అవకాశం ఉంది. కొనేముందే "బ్యాటరీ ఒక్కటే పోతే ఇస్తారా" అని మెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో ఎగ్జిక్యూటివ్ చెప్పింది లెక్కలోకి రాదు. ఐడీవీ లెక్కేసిన ధరలో బ్యాటరీ, చార్జర్ కలిశాయో లేదో బిల్లులో చూడండి. బ్యాటరీ అద్దెది అయితే అది ఎవరి ఆస్తి, పోతే ఎవరు కట్టాలి అన్నది అద్దె ఒప్పందంలో ఉంటుంది, మీ పాలసీలో కాదు.

ఇక ట్రాకింగ్. పేరున్న కంపెనీల బండ్లలో సిమ్, జీపీఎస్ ముందే ఉంటాయి. బండి కదిలితే అలర్ట్, జియోఫెన్స్ (మీరు గీసిన హద్దు దాటితే హెచ్చరిక), చివరిగా ఆపిన చోటు లాంటివి యాప్‌లో వస్తాయి. వైరింగ్ కోయక్కర్లేదు, వారంటీ గొడవ లేదు. లోపం ఏమిటంటే వీటిలో కొన్ని ఫీచర్లు చందా కట్టినవాళ్లకే. చందా అయిపోయిన రోజున బండి మామూలుగానే నడుస్తుంది కాబట్టి గమనించరు. ఏ ఫీచర్ ఉచితం, దేనికి చందా అన్నది డెలివరీకి ముందే అడగాలి. తీసుకున్నాక సీటు కింద ఎంసీబీ (పవర్ ఆపే స్విచ్చు) ఉంటే దించి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండిని పది అడుగులు తోసి చూడండి, అలర్ట్ వస్తుందో లేదో. దొంగ చేసేదీ అదే. బండి స్టార్ట్ చేయడు, పవర్ తీసేసి తోసుకుంటూ పోతాడు, లేదా ట్రాలీ ఆటోలో ఎక్కిస్తాడు.

బయటి జీపీఎస్ ట్రాకర్ బిగించేటప్పుడు పెట్రోలు బండికి చేసినట్టు చేస్తే కాలిపోతుంది. మార్కెట్లో చవగ్గా దొరికేవి చాలావరకు 9 నుంచి 36 వోల్టులవి. ఎలక్ట్రిక్ బండి ప్యాక్ 48, 60, 72 వోల్టులు. 72 వోల్టుల లిథియం ప్యాక్ ఫుల్ చార్జ్‌లో 84 దాకా వెళ్తుంది. కనక రెండు దారులు: ప్యాక్ వోల్టేజీని తగ్గించే డీసీ కన్వర్టర్ నుంచి వచ్చే 12 వోల్టుల లైన్‌కు కలపడం, లేదా 90 వోల్టులకు పైగా తట్టుకునే ట్రాకర్ కొనడం. మొదటి దారిలో, తాళంచెవి ఆఫ్ చేసి తీసేశాక కూడా ఆ లైన్‌లో కరెంటు ఉందో లేదో మల్టీమీటర్ పెట్టి చూడాలి. చాలా బండ్లలో తాళంతోపాటే అదీ ఆగిపోతుంది. అప్పుడు ట్రాకర్ లోపలి చిన్న బ్యాటరీ మీదే బతకాలి. 250 ఎంఏహెచ్ బ్యాటరీ, సగటున 50 మిల్లీఆంపులు లాగితే 5 గంటలు. రాత్రి పదకొండుకు ఆపిన బండి తెల్లారేసరికి కనపడదన్నమాట. విడిగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉన్న మోడళ్లలో ఇబ్బంది దీనికి రివర్సు: 30 మిల్లీఆంపులు ఎడతెగకుండా లాగే ట్రాకర్ 5 ఏహెచ్ బ్యాటరీని వారంలో పీల్చేస్తుంది, ఊరెళ్లి వచ్చేసరికి బండి ఆన్ కాదు. కదలిక లేనప్పుడు నిద్రపోయి, కుదుపు తగిలితే లేచే రకం తీసుకుంటే రెండు బాధలూ తగ్గుతాయి.

ప్లస్ వైరుకు, కలిపే చోటికి దగ్గరగా 1 ఆంపు ఫ్యూజ్ వేయించండి. పెట్టాల్సిన చోటు ముందు ప్లాస్టిక్ ప్యానెల్ లోపల, యాంటెన్నా వైపు ఆకాశానికి ఉండేలా. డిక్కీ, సీటు కింద వద్దు, దొంగ మొదట వెతికేది అక్కడే, పైగా ఇనుప ఫ్రేము సిగ్నల్‌ను ఆపుతుంది. మొబైల్‌లోంచి బండి ఆపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) వేస్తామంటే మోటారు పవర్ లైన్ జోలికి పోనివ్వకండి. అక్కడ పదుల ఆంపులు పారతాయి, చిన్న రిలే అతుక్కుపోతుంది. అన్నిటికంటే, నడుస్తున్న బండి ట్రాఫిక్‌లో ఒక్కసారిగా ఆగితే ప్రమాదం. ఫ్యాక్టరీ వైరింగ్ కోస్తే వారంటీ పోతుందో లేదో సర్వీస్ సెంటర్లో ముందే కనుక్కోండి.

సిమ్ విషయం: 2జీ మాత్రమే ఉన్న ట్రాకర్‌లో జియో సిమ్ పనిచేయదు, ఆ నెట్‌వర్క్‌లో 2జీ లేదు. ఇప్పుడు కొనేది 4జీదే కొనండి. మొదటి ఏడాది సర్వర్ ఉచితం అన్నచోట రెండో ఏడాది రేటు అడగండి. సెల్లార్లలో జీపీఎస్ అందదు, టవర్ ఆధారంగా చూపే చోటు వందల మీటర్లు అటూ ఇటూ ఉంటుంది.

ఎయిర్‌ట్యాగ్, స్మార్ట్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ ట్యాగులు చవక, వైరు లేదు, సీఆర్2032 సెల్ ఏడాది దాకా వస్తుంది. చుట్టుపక్కల తిరిగే ఫోన్ల మీద ఆధారపడతాయి కాబట్టి అమీర్‌పేటలో బాగా పనిచేసేది ఊరి బయట గోడౌన్‌లో మూగబోవచ్చు. తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కు హెచ్చరిక వెళ్తుంది కూడా. ఒక్కటే ట్రాకర్‌గా వద్దు, రెండోదిగా దాచుకోవడానికి మంచిదే. ట్రాకర్ ఉంటే ప్రీమియం తగ్గుతుందని అమ్మేవాళ్ల మాట మాత్రం పట్టించుకోకండి. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం, ఆటోమొబైల్ అసోసియేషన్ ధ్రువీకరణ ఉంటే ఓడీలో 2.5 శాతం రాయితీ ఉంది. 1,500 ప్రీమియం మీద అది నలభై రూపాయలు కూడా కాదు.

బండి పోయిన రోజు యాప్‌లోని లొకేషన్‌ను టైముతో సహా స్క్రీన్‌షాట్ తీసి, 112కు ఫోన్ చేసి, ఆ ఫొటోలు పోలీసులకు చూపించండి, ఒంటరిగా ఆ చోటికి వెళ్లకండి. ఎఫ్ఐఆర్ బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 303(2), అంటే దొంగతనం సెక్షన్ కింద అవుతుంది. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో ఫిర్యాదు పెడితే 3 రోజుల్లో సంతకం చేయాలి. అదే రోజు బీమా కంపెనీకి చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకోండి, ఆర్‌టీఓకు ఒక లెటర్ ఇవ్వండి. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. అయినా ఆ వాదన దాకా తెచ్చుకోవడమెందుకు?

తర్వాత పోలీసుల నుంచి బండి దొరకలేదన్న ఫైనల్ రిపోర్టు రావాలి, నెలలు పడుతుంది. బండి పేరు మార్పుకు వాడే ఆర్‌టీఓ ఫారాలు 28, 29, 30, లోన్ ఉంటే దాన్ని తీసేయించే 35, ఆర్‌సీ, రెండు తాళాలూ అడుగుతారు. ఒక తాళం లేకపోతే బండికే వదిలేశారా అన్న ప్రశ్న వస్తుంది. ఓలా ఎస్1 ప్రో లాంటి తాళం లేని బండ్లకు ఆ సంగతి డీలర్ చేత రాయించుకుని ఉంచుకోండి. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని డెలివరీ పనికి తిప్పుతుంటే కంపెనీకి అడ్డం తిరిగే అవకాశం ఇచ్చినట్టే. క్లెయిమ్ అన్యాయంగా తిప్పికొడితే ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బండ్లకు రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి మామూలు మోటారు పాలసీ కూడా దొరకదు. వాటికి ట్యాగ్, గట్టి గొలుసు, పిల్లరుకు కట్టేయడం, అంతే.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు ఆర్‌సీతోపాటు 14 రోజుల్లో పాలసీ కూడా పేరు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ దానంతటదే మారుతుంది, ఓడీ మారదు. పాత పేరు మీద ఉండగా బండి పోతే మీకూ రాదు, అమ్మినవాడికీ రాదు. యాప్ ఖాతా కూడా పాత యజమాని ఫోన్‌లోంచి తీయించి మీ నంబరుకు మార్పించండి. అప్పటిదాకా బండి ఎక్కడుందో ఆయనకే కనపడుతుంది, కొన్ని మోడళ్లలో లాక్ కూడా ఆయన చేతిలోనే ఉంటుంది.