తాడిపత్రి బండల యూనిట్ గేటుకు ఏది మేలు: వేలిముద్రా, ముఖమా, కంటి ఐరిసా?

బండల పాలిష్ యూనిట్‌లో హాజరు మిషన్ అనగానే యజమానులు వేలిముద్రదే అడుగుతారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ రోజంతా సున్నపురాయి బురదలో నానే చేతికి అది పనికిరాదు. గీతలు అరుగుతాయి, తడికి చర్మం ముడతలు పడుతుంది, సెన్సర్ గాజు మీద బండపొడి పేరుకుంటుంది. గీతల మూలం లోపలి చర్మంలో ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు పని మానితే మళ్లీ తేలతాయి. పని మానేదెవరు?

పొద్దున్నే గేటు దగ్గర క్యూ పెరిగితే టెక్నీషియన్ వచ్చి మ్యాచింగ్ లెవెల్ (ముద్ర ఎంత దగ్గరగా కలవాలనే కొలత) తగ్గించి పోతాడు. అసలు ముప్పు ఇదే. ఒక ముద్రతో పొరపాటున కలిసేది పదివేలకు ఒకటి అనుకున్నా, 200 మంది ముద్రలతో పోల్చినప్పుడు బయటివాడి వేలు ఎవరో ఒకరితో కలిసే అవకాశం సుమారు 2 శాతం. లెవెల్ తగ్గిస్తే ఇంకా ఎక్కువ. దాని బదులు ముందు ఐడీ నంబరు నొక్కించి, ఆ తర్వాత వేలు పెట్టించండి. అప్పుడు ఒక్కరి ముద్రతోనే పోలుస్తుంది. రెండు చేతులవీ కలిపి నాలుగు వేళ్లు ఎక్కించుకోండి. ఆఫీసు గదికి ఇది చాలు.

కూలీల గేటుకు మాత్రం ముఖమే మేలు. పెన్షన్‌దారులు బతికే ఉన్నారని ఆన్‌లైన్‌లో చూపే జీవన్ ప్రమాణ్‌ పత్రానికే 2021 నవంబరు నుంచి ముఖం చూపే వీలొచ్చింది. దారి అటే పోతోంది. మామూలు కెమెరాతోపాటు, కంటికి కనబడని కిరణాలతో చూసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉన్న మిషనే కొనండి. ఫోన్ తెర ఆ కిరణాలను వెదజల్లదు; ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఆ కెమెరాకు నల్లపలకే కనబడుతుంది. కాగితం మీద అచ్చేసిన ఫొటో అంత తేలిగ్గా పట్టుబడదు, కొనేముందు ఒకటి పెట్టి చూడండి. ఎండ మనిషి వెనకనుంచి పడేచోట బిగిస్తే ముఖం నల్లబడి గుర్తుపట్టదు. దుమ్ముకని మూతికి కట్టుకున్న తువ్వాలు దించాల్సిందే.

ఐరిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం, పనివల్ల అరగదు, ఖచ్చితత్వంలో మిగతా రెండిటికంటే గట్టిది. కానీ కన్ను దగ్గరగా, కదలకుండా పెట్టాలి, ధరా ఎక్కువ. క్యాష్ గదికి సరే, 200 మంది క్యూకు కాదు.

ఏది కొన్నా వైరింగ్ చూడండి. తాళం తెరిచే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) బయటి గోడమీది మిషన్‌లోనే ఉంటే, స్క్రూ విప్పి రెండు తీగలు కలిపినవాడికి వేలూ అక్కర్లేదు, ముఖమూ అక్కర్లేదు. ఆ రిలే ఉండే కంట్రోలర్ పెట్టె లోపలి గదిలో విడిగా ఉండాలి. మాగ్నెటిక్ తాళం కరెంటు పోతే తెరుచుకుంటుంది, అగ్నిప్రమాదంలో అది మంచిదే, దొంగకూ మంచిదే. అర ఆంపియర్ లాగే తాళానికి 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కాగితం లెక్కలో 14 గంటలు. మిషన్, కంట్రోలర్ కూడా లాగుతాయి కాబట్టి అంత రాదు, పాతబడిన బ్యాటరీకి అందులో సగం వచ్చినా గొప్పే.