ఆన్‌లైన్ చర్చలకు మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇవి చూడండి

విద్యార్థుల చర్చలకు దానంతట అదే మార్కులు వేస్తుందని చెప్పి అమ్మే సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త. డెమోలో రంగురంగుల గ్రాఫులు చూపిస్తారు. లోపల లెక్కయ్యేది చాలాసార్లు ఎన్ని పోస్టులు, ఎన్ని పదాలు, ఎన్ని లాగిన్లు, అంతే. పోస్టుల లెక్క ఆన్‌లైన్ తరగతులు నడిపే మూడుల్ లాంటి ఉచిత వేదికలోనే వస్తుంది.

"టీచర్ల మార్కులతో 80 శాతం సరిపోతుంది" అంటే వెంటనే కప్పా విలువ అడగండి. యాదృచ్ఛికంగా కలిసే మార్కుల్ని తీసేశాక నిజంగా ఎంత సరిపోయిందో చెప్పే అంకె అది. 100 పోస్టుల్లో 80కి టీచర్ 4 మార్కులే వేశారనుకుందాం. ఏదీ చదవకుండా అన్నిటికీ 4 వేసే ప్రోగ్రామ్‌కి కూడా 80 శాతం వచ్చేస్తుంది. కప్పా మాత్రం సున్నా. ఆ అంకె చెప్పడానికి నసిగితే బేరం అక్కడే ఆపేయొచ్చు.

ట్రయల్‌లో వాళ్ల నమూనాలు వద్దు. మీ పాత పోస్టులే ఓ 150, పేర్లు తీసేసి ఇవ్వండి. ఇద్దరు టీచర్లు ఒకరిది ఒకరు చూడకుండా ముందే మార్కులు వేసి ఉంచాలి. వాటిలో నాలుగు పరీక్ష పోస్టులు కలపండి: మంచి జవాబులోని వాక్యాలు తారుమారు చేసినది, ప్రశ్ననే తిప్పితిప్పి మూడు పేరాలు రాసినది, పక్కవాళ్ల పోస్టుకి కాపీ, రెండే వాక్యాల్లో అసలు విషయం పట్టుకున్నది. మొదటి మూడింటికి ఎక్కువ, చివరిదానికి తక్కువ వస్తే అది కొలుస్తున్నది పొడవునే. ఇది కొత్త జబ్బేం కాదు. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్ పెరల్‌మన్ 2014లో విద్యార్థులతో కలిసి వ్యాసాలు తనంతట తానే పుట్టించే బేబెల్ అనే ప్రోగ్రామ్ చేసి, అర్థంపర్థం లేని వ్యాసాలకూ యంత్రాలు మంచి మార్కులు వేస్తాయని చూపించారు.

తెలుగు పోస్టులుంటే విడిగా పరీక్షించండి. 'కనీసం 100 పదాలు' అనే హద్దు ఇంగ్లిష్‌కి సరిపోతుందేమో గానీ, ప్రత్యయాలు మాటకే అతుక్కునే తెలుగులో అదే విషయం తక్కువ పదాల్లో అయిపోతుంది. విషయం మొత్తం చెప్పినా మార్కులకు కోత. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగునీ ఒకటి రెండు కలపండి.

ఎవరు ఎవరికి జవాబిచ్చారో చూపే నెట్‌వర్క్ స్కోరునీ నమ్మేయకండి. అందరి కిందా "అవును, నిజమే" అని రాసుకుంటూ పోయినవాడు బొమ్మ మధ్యలో పెద్ద చుక్కై కూర్చుంటాడు. పోస్టులు ఈమెయిల్‌లో చదివేవాళ్లేమో లెక్కలోకే రాకపోవచ్చు.

ఒప్పందంలో రాయించుకోవాల్సినవి: సెమిస్టర్ మధ్యలో మార్కులు వేసే ప్రోగ్రామ్ వెర్షన్ మార్చకూడదు (మారితే ఒకే పోస్టుకి రెండు రకాల మార్కులు పడతాయి), ఏ ప్రమాణానికి ఎంత వేసిందో పోస్టువారీగా ఫైల్ దించుకోనివ్వాలి, టీచర్ దిద్దితే టీచర్ మార్కే నిలవాలి, విద్యార్థుల రాతలు వాళ్ల ప్రోగ్రామ్‌కి శిక్షణ ఇవ్వడానికి వాడకూడదు. ఇక లైసెన్సు తలకింత అన్నప్పుడు, చేరి మానేసినవాళ్లకీ కట్టాలా అని అడగండి. బిల్లు ఉబ్బేది అక్కడే.