దుమ్ము జబ్బు పరిహారం ఫైలు: హనుమకొండలోని ఒక సెంటర్ పనితీరు

క్వారీల్లో పనిచేసి సిలికోసిస్ (రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) పట్టినవాళ్లకు పరిహారం ఫైలు కట్టిచ్చే సెంటర్ ఇది. ఐదుకు మూడున్నర.

ఇక్కడ మొట్టమొదట అడిగే ప్రశ్నే సరైనది: జీతం చీటీలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోత ఉందా? 0.75 శాతం పట్టుకుంటున్నారంటే ఈఎస్ఐ దారినే పోవాలి, కార్మిక శాఖ అధికారి దగ్గర యజమాని మీద వేసే క్లెయిమ్ నిలవదు. ఇది చూడకుండా కాగితాలు రాసిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, నెలలు వృథా.

వీళ్ల అసలు పనితనం పని చరిత్ర పట్టికలో కనిపిస్తుంది. ఏ క్వారీ, ఏ కాంట్రాక్టర్, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ పని, రోజుకెన్ని గంటలు, నీళ్లు కొట్టి డ్రిల్ చేశారా, పొడిగానా. ఉత్త ‘కూలి’ అని రాయనివ్వరు, ‘జాక్‌హామర్‌తో పొడి డ్రిల్లింగ్’ అని రాయిస్తారు. గ్రానైట్‌లోని సిలికా సన్నటి దుమ్మై ఊపిరితిత్తుల్లోకి దిగేది అక్కడే కదా. ప్రతి వరుసకూ ఒక రుజువు జతచేస్తారు: పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకులో పడ్డ కూలి, అవేవీ లేకుంటే వెంట పనిచేసినవాళ్ల అఫిడవిట్. కరీంనగర్ వైపు నాలుగైదు క్వారీలు మారినవాళ్లే ఎక్కువ. ఒక్కటి కూడా వదలొద్దు. సిలికోసిస్ 1923 ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలు ‘సి’ భాగంలో ఉంది కాబట్టి పలువురు యజమానుల దగ్గర చేసిన కాలమూ లెక్కకొస్తుంది.

వైద్యం కాగితాల దగ్గరే తేలిపోయారు. ఎక్స్‌రేకు ఫోన్లో తీసిన ఫొటో చాలంటున్నారు. చాలదు. ఊపిరితిత్తుల పైభాగంలో మొదలయ్యే ఆవగింజంత చుక్కలు ఆ ఫొటోలో మసకైపోతాయి. టీబీ మచ్చలూ ఎక్కువగా అక్కడే వస్తాయి, అవతలి వకీలు పట్టుకునేది దాన్నే. తెమడ పరీక్ష రిపోర్టు, ఊపిరి పరీక్ష రిపోర్టు, ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) పద్ధతిలో చదివిన ఎక్స్‌రే, మూడూ ఉండాలి. తెమడలో టీబీ వచ్చినా భయపడొద్దు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సోకడం మామూలే, ఒకటుంటే రెండోది లేదని కాదు. ఈ మాట డాక్టర్ చేతనే రాయించాలి.

డాక్టర్ లెటర్ కూడా వీళ్లు సరిగ్గా చదవట్లేదు. ‘సిలికోసిస్?’ అని చివర ప్రశ్నార్థకం ఉన్న లెటర్‌ను అలాగే ఫైల్లో పెడుతున్నారు. ఆ ఒక్క గుర్తుతో కేసు సగం పోతుంది. ఎన్నేళ్లు, ఏ దుమ్ములో పని, ఏ పరీక్షను బట్టి ఈ నిర్ధారణ, సంపాదన శక్తి ఎంత శాతం పోయింది, ఇవన్నీ లెటర్‌లో ఉండాలి. సదరం సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం వేరు, ఈ సంపాదన శక్తి శాతం వేరు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టొద్దు.

ఇంకో లోపం: 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకొచ్చింది, వీళ్ల ఫారంలో మాత్రం 1923 చట్టం సెక్షన్లే ఉన్నాయి. మీ కేసుకు ఏది వర్తిస్తుందో అడిగి, సంతకానికి ముందే సరిచేయించుకోండి.

ఫీజు ముందే చెప్తారు, వచ్చే పరిహారంలో వాటా అడగరు. యజమానికి నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రశీదు మన చేతికే ఇస్తారు. పోయేటప్పుడు ఎక్స్‌రే అసలు ఫిల్మ్ మడతపడకుండా తీసుకెళ్లండి. మిగతా కాగితాలకు జిరాక్సులు ఇచ్చి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.