పర్మిట్ వచ్చింది కదా అని పూల్‌కి గనైట్ కొట్టనివ్వకండి

డాలస్, హ్యూస్టన్ శివార్లలో ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కట్టించుకుంటున్న మనవాళ్ళందరికీ ఈ హెచ్చరిక. సిటీకి ఇచ్చిన డ్రాయింగు ఒకటి, గోతిలో పడే పైపు ఇంకొకటి అవుతోంది. అది బయటపడేసరికి దాని మీద గనైట్, అంటే గొట్టంతో చిమ్మి పూల్ గోడలు, అడుగు కట్టే కాంక్రీటు, గట్టిపడిపోయి ఉంటుంది.

జరిగేది ఇలా. మొదట మామూలు పూల్‌కి బేరం కుదురుతుంది. 15 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, సగటు లోతు 5 అడుగులు అనుకోండి, సుమారు 16,800 గ్యాలన్లు. ఆ నీళ్ళన్నీ 8 గంటల్లో ఒక చుట్టు తిరగడానికి నిమిషానికి 35 గ్యాలన్లు చాలు, 2 అంగుళాల పైపు హాయిగా సరిపోతుంది. ఆ లెక్కతోనే డ్రాయింగు వెళ్తుంది, పర్మిట్ వస్తుంది. తవ్వకం మొదలయ్యే ముందు "స్పా (జెట్లతో నీళ్ళు చిమ్మే చిన్న వేడినీళ్ళ తొట్టి) కూడా పెట్టిద్దాం" అన్న మాట వస్తుంది. సేల్స్ మనిషి చేంజ్ ఆర్డరు (ఒప్పందంలో మార్పు రాసిన కాగితం) మీద సంతకం పెట్టించుకుని అదనపు డబ్బు తీసుకుంటాడు. ప్లంబింగ్ డ్రాయింగు మాత్రం ఎవరూ తిరగరాయరు, సిటీకి రివిజన్ పంపరు.

స్పాలో ఒక్కో జెట్‌కి నిమిషానికి సుమారు 15 గ్యాలన్లు కావాలి. ఆరు జెట్లకి 90. సక్షన్ పైపులో (నీళ్ళని పంపులోకి లాగే పైపు) నీళ్ళ వేగం సెకనుకి 6 అడుగులు దాటనివ్వకూడదన్నది మంచి పనివాళ్ళు పాటించే హద్దు. ఆ హద్దులో షెడ్యూల్ 40 (మామూలు మందం) పీవీసీ పైపు నిమిషానికి మోసేది ఇంతే: ఒకటిన్నర అంగుళాలది 38 గ్యాలన్లు, 2 అంగుళాలది 63, రెండున్నర అంగుళాలది 90కి ఒక వెంట్రుక తక్కువ. అంటే ఆరు జెట్ల స్పాకి 2 అంగుళాల సక్షన్ చాలదు. రెండున్నర వేస్తే అంచు మీద ఉంటుంది, 3 అంగుళాలు వేయిస్తే నిశ్చింత. ఇది కూడా చూడండి: ఒకే ప్రవాహానికి 2 అంగుళాల బదులు ఒకటిన్నర వేస్తే రాపిడి నష్టం (పైపు గోడల రాపిడికి పోయే ఒత్తిడి) మూడు రెట్లు దాటుతుంది. గోతిలో కనపడే తేడా అర అంగుళమే, అందుకే ఎవరూ పట్టించుకోరు.

చివరికి జెట్లు నీరసంగా వస్తాయి, పంపు ముందుండే వడపోత బుట్టలో బుడగలు తిరుగుతాయి, పంపు గులకరాళ్ళు మింగినట్టు మోత చేస్తుంది. అప్పుడు బిల్డరు "పెద్ద పంపు వేద్దాం" అంటాడు. దయచేసి ఒప్పుకోకండి. సన్న పైపుకి పెద్ద పంపు పెడితే డ్రెయిన్ దగ్గర లాగుడు పెరుగుతుంది, అది పిల్లల ప్రాణాలకి సంబంధించిన విషయం. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప స్పా డ్రెయిన్ లాగుడుకి అతుక్కుని, విడిపించుకోలేక చనిపోయింది. 2007లో వచ్చిన ఫెడరల్ చట్టానికి ఆ పాప పేరే పెట్టారు.

కాబట్టి ఒకే పంపుకి కలిసే మెయిన్ డ్రెయిన్లు (అడుగున నీళ్ళు లాగే రంధ్రాలు) రెండు ఉండాలి, వాటి మధ్య కనీసం 3 అడుగుల ఎడం ఉండాలి. డ్రెయిన్ మూత చేతిలోకి తీసుకుని దాని మీద అచ్చు చదవండి. నిమిషానికి ఎన్ని గ్యాలన్లకి పనికొస్తుందో నేల మీద పెడితే ఒక అంకె, గోడకి పెడితే ఒక అంకె, ఎన్నేళ్ళు వాడొచ్చో ఇంకో అంకె ఉంటాయి. ఒక డ్రెయిన్ మూసుకుపోతే రెండోది మొత్తం లాగుతుంది కనుక, ఒక్కో మూత సగానికి కాదు, పూర్తి ప్రవాహానికి సరిపోవాలి. 90 గ్యాలన్ల స్పాలో 60 అని అచ్చున్న మూత కనిపిస్తే పని ఆపించండి.

సిటీ ముద్ర ఉంది కదా అనుకోవద్దు. ప్లాన్ చూసేవాళ్ళు ఈజ్‌మెంటు (కట్టడాలు లేకుండా వదలాల్సిన స్థలం), కంచె, కరెంటు, డ్రెయిన్లు చూస్తారు, మీ జెట్ల బలం లెక్కగట్టరు. అందుకే రాతపూర్వకంగా అడగాల్సింది హైడ్రాలిక్ లెక్క: ప్రతి పైపు సైజు, పొడవు, నిమిషానికి గ్యాలన్లు, మొత్తం హెడ్ (పంపు ఎదుర్కోవలసిన మొత్తం నిరోధం), ఆ హెడ్ దగ్గర పంపు ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో పంపు కర్వు (పంపు తయారీదారు ఇచ్చే గ్రాఫు) మీద చూపించే గుర్తు. "ఇన్ని హార్స్‌పవర్" అన్న ఒక్క ముక్క లెక్క కాదు.

హీటరు దగ్గర కూడా ఇదే తంతు. గంటకి 4,00,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) ఇచ్చే గ్యాస్ హీటరుకి గంటకి సుమారు 400 ఘనపు అడుగుల గ్యాస్ కావాలి. మామూలు ఇంటి మీటరు చాలాచోట్ల 250 దగ్గరే ఆగిపోతుంది. మీటరు మార్పు ఖర్చు కాంట్రాక్టులో ఉందో లేదో ముందే చూడండి.

గనైట్ ముందు రోజు పర్మిట్ డ్రాయింగు చేత్తో పట్టుకుని గోతి చుట్టూ తిరగండి. పైపు మీద అచ్చయిన సైజు చదివి, టేపు పక్కన పెట్టి ఫొటో తీయండి. బాండింగ్ తీగ (షాకు కొట్టకుండా లోహపు భాగాలన్నిటినీ కలిపే తీగ) 8 నంబరు ఒంటి పోగు రాగిది కావాలి, అది ఇనుప చువ్వలకీ పంపు మోటారుకీ అంటి ఉండాలి. పైపుల ఒత్తిడి పరీక్షలో గేజి 25 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర కనీసం అరగంట కదలకుండా నిలవాలి, డెక్ (పూల్ చుట్టూ వేసే కాంక్రీటు అరుగు) పోయడం అయ్యేదాకా పైపుల్లో ఒత్తిడి అలాగే ఉంచాలి. ఈ పరీక్ష నీళ్ళతోనే చేయించండి. గాలితో చేస్తే పీవీసీ పగిలి ముక్కలు ఎగురుతాయి.

టెక్సాస్‌లో పూల్ బిల్డరుకంటూ రాష్ట్ర లైసెన్సు లేదు. డబ్బు చేతిలో ఉన్నంతవరకే మీ మాట చెల్లుతుంది. ప్రీ-గనైట్ తనిఖీ పాసైన కాగితం, అప్పటిదాకా పనిచేసినవాళ్ళకీ సరుకు ఇచ్చినవాళ్ళకీ డబ్బు ముట్టిందన్న లీన్ వేవరు చూశాకే గనైట్ వాయిదా సొమ్ము ఇవ్వండి.

ఇప్పటికే గనైట్ అయిపోయినవాళ్ళు డెక్ పోయకముందే కదలండి. షెల్ (పూల్ కాంక్రీటు తొట్టి) బయటి నుంచి పంపు దాకా పైపు అప్పటికింకా మార్చొచ్చు, స్పాకి విడిగా పంపు, లైను వేయించొచ్చు. షెల్ లోపల సన్న పైపే ఉండిపోతే మాత్రం ఆ హద్దు అలాగే ఉంటుంది. డెక్ కూడా పోసేశారా? రెండు జెట్లు మూయించి, వేరియబుల్ స్పీడ్ పంపు వేగం తగ్గించి, ఫ్లో మీటరు పెట్టించి, 2 అంగుళాల పైపైతే నిమిషానికి 63 గ్యాలన్ల లోపే నడపండి.